బిట్రగుంటలో పుట్టిన సంగీతాచార్యుడు



గుంటూరు, ఒంగోలు వైపు నుండి మద్రాసు రైలెక్కినవారికి కావలి దాటాక బిట్రగుంట స్టేషను వస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. ఆ పేరు వినగానే మన పెద్దలకు బొగ్గు పొగ, నీళ్లు పట్టే ఇంజన్లు గుర్తుకొస్తాయి. సంగీతం మాత్రం ఎవరికీ గుర్తురాదు. అయినా ఆచార్య పి. సాంబమూర్తిగారు 1901 ఫిబ్రవరి 14న పుట్టింది ఆ ఊళ్లోనే.

చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నారు. సంగీతాన్ని గురువుల వద్ద పాత పద్ధతిలోనే నేర్చుకున్నారు. ఆ పద్ధతి ఎలా ఉండేదో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సరళీ, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, వర్ణం, ఆ తరువాత కృతి. గురువు పాడితే శిష్యుడు పాడాలి. కాగితం ఉండదు, ప్రశ్న ఉండదు. గురువు మంచివాడైతే విద్య వస్తుంది, లేదా నీళ్లు మోయడంతోనే ఏళ్లు గడుస్తాయి. ఇంటి గడప దాటలేని ఆడపిల్లకు, సంగీతపు కుటుంబంలో పుట్టని కుర్రవాడికి ఆ తలుపు చాలావరకు మూసే ఉండేది.

1928లో సాంబమూర్తిగారు మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో సంగీత లెక్చరరుగా చేరారు. అది స్త్రీల కళాశాల అన్న సంగతి గమనించండి. సంగీతాన్ని చరిత్రలాగా, గణితంలాగా గంట కొట్టి, నల్లబల్ల ముందు నిలబడి, పరీక్ష పెట్టి నేర్పవచ్చునా? పెద్ద విద్వాంసులకు ఈ అనుమానం ఉండటంలో వింత లేదు. గమకం కాగితం మీదికి రాదు. స్వరం రాసి పైన గీత గీస్తే వేగం తెలుస్తుంది, చుక్క పెడితే స్థాయి తెలుస్తుంది. కాని తోడిలో గాంధారం ఎలా ఊగాలో ఏ గుర్తు చెబుతుంది? వారి అనుమానంలో సగం నిజముందనే నాకూ అనిపిస్తుంది. గుడిలో పుస్తకం చూసి పాడే మన గాయక బృందాలను విన్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు!

ఆయన మాత్రం వెనుకకు తగ్గలేదు. 1931లో జర్మనీలోని మ్యూనిక్ నగరం వెళ్లి వయొలిన్, ఫ్లూటు, పాశ్చాత్య సంగీత శాస్త్రం అభ్యసించారు. అక్కడి సంగీతంలో అనేక స్వరాలు ఒకేసారి కలిసి మోగుతాయి. మనది ఒక్క గొంతులో సాగే రాగం. ఒకదాని కొలతతో మరొకదాన్ని కొలవకుండా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే చదువు ఆ రోజుల్లో మన దేశంలో అరుదు.

1937లో మద్రాసు విశ్వవిద్యాలయ సంగీత శాఖలో చేరి, ఇంచుమించు పాతికేళ్లు అక్కడే బోధించారు. అయితే పాఠం చెప్పాలంటే పుస్తకం కావాలి కదా! లేనివాటిని ఆయనే రాశారు. దక్షిణ భారత సంగీతంపై ఆయన ఇంగ్లీషులో రాసిన ఆరు భాగాల గ్రంథం తరతరాల విద్యార్థుల చేతుల్లో నలిగింది. 1952లో సంగీత నిఘంటువు మొదటి సంపుటం వెలువరించారు. రెండవది 1959లో, మూడవది 1971లో. ఆ సంవత్సరాలను ఒక్కసారి లెక్క కట్టండి! సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఒక్క పదానికి సరైన నిర్వచనం రాయడానికి మాకు రాత్రంతా పట్టేది. ఆయన వాద్యాలు, రాగాలు, విద్వాంసుల పేర్లు అక్షరక్రమంలో పెట్టి, ఒక్కొక్కదానికి వివరణ ఇచ్చుకుంటూ పోయారు.

తెలుగువారమైన మనం మరో మేలు మరువరాదు. త్యాగరాజస్వామి తెలుగులో రచించిన గేయనాటకం నౌకాచరిత్రాన్ని స్వరాలతో పరిష్కరించి అచ్చు వేయించారు. యమునపై పడవ, గర్వించిన గోపికలు, తుఫాను, పడవకు పడిన చిల్లు, ఇదీ ఆ కథ. త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆయన పూర్వీకులు మన ప్రకాశం ప్రాంతపు కాకర్ల గ్రామం నుండి తరలిపోయారని చెబుతారు. ఆ వంశపు పాటను బిట్రగుంటలో పుట్టిన మాస్టారు తమిళ దేశంలో అచ్చుకెక్కించారన్నమాట.

1961లో మద్రాసులోని సంగీత వాద్యాలయానికి డైరెక్టరు అయ్యారు. వాద్యాలను చేయడం, మెరుగుపరచడం అక్కడి పని. 1964లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. అంటే అరవై దాటాక మళ్లీ తెలుగునాట పాఠం చెప్పారు. 1971లో పద్మభూషణ్, ఆ మరుసటి సంవత్సరం మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు లభించాయి. కచేరీలు చేసే విద్వాంసులకే ఎక్కువగా దక్కే ఆ బిరుదు ఒక మాస్టారికి దక్కింది.

1973 అక్టోబరు 23న ఆయన కన్నుమూశారు. అప్పటికి నిఘంటువు ఇంకా పూర్తి కాలేదు.