కలైవాణర్ కృష్ణన్

హాస్యనటుడు ప్రజలను నవ్వించుటలో వింత లేదు. తాను దుఃఖసాగరంలో మునిగి, తీరం చేరిన పిమ్మటకూడ అదే నిర్మలమైన నవ్వును పంచిపెట్టగలవాడు మాత్రం అరుదు. తమిళ రంగస్థలంపైనను, చలనచిత్రాలలోను ప్రసిద్ధికెక్కిన ఎన్.ఎస్. కృష్ణన్ అట్టి అరుదైన నటుడు.

ఆయన 1908 నవంబరు 29వ తేదీన, నాటి తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోవిల్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించినాడు. చదువు కొద్దికాలమే సాగినది. నాటకశాలలో తినుబండారాలు అమ్ముతూ ఆ బాలుడు నాటకాలు చూచినాడు. ఆ ప్రాంతంలో విల్లుపాట్టు అనే జానపద కళ కలదు. పెద్ద వింటికి గజ్జెలు కట్టి, నారిపై కర్రలతో తాళం వేస్తూ కథ చెప్పుతారు. వంతలు నడుమ నడుమ ప్రశ్నలు వేస్తారు. ఈ కళ ఆయనకు మాటనేర్పును ప్రసాదించినది. పిదప టి.కె.ఎస్. సోదరుల నాటక సమాజంలో చేరి నటనలో ఆరితేరినాడు.

1936లో వచ్చిన ‘సతీ లీలావతి’ ఆయన మొదటి చిత్రాలలో ఒకటి. హాస్య ఘట్టాలను ఆయన స్వయంగా కల్పించుకొనేవాడు. సహనటి టి.ఎ. మధురం ఆయనకు భార్య కూడ అయినది. ఈ జంట లేని చిత్రం వెలితిగా తోచే కాలం వచ్చినది.

అంతలో పిడుగు పడినది. 1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుడు హత్యకు గురైనాడు. ఆ నేరంపై కృష్ణన్, సుప్రసిద్ధ గాయక నటుడు త్యాగరాజ భాగవతార్ నిర్బంధింపబడినారు. వారిద్దరూ నటించిన ‘హరిదాస్’ అప్పుడు జనసందోహాల నడుమ ప్రదర్శితమగుచున్నది! ఇరువురికిని యావజ్జీవ శిక్ష పడినది. మధురం ధైర్యం వీడక, ఎస్.వి. సహస్రనామం తోడ్పాటుతో నాటకసభను నిలబెట్టినది. కడకు లండనులోని ప్రివీ కౌన్సిలు జోక్యంతో కేసు తిరిగి విచారణకు వచ్చి, 1947 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇరువురిని నిర్దోషులుగా విడుదల చేసినది.

భాగవతార్‌కు పూర్వవైభవం మరల దక్కలేదు. కృష్ణన్ మాత్రం తిరిగి నిలువగలిగినాడు. 1948 నాటి ‘చంద్రలేఖ’లో ఎస్.ఎస్. వాసన్ ఈ దంపతులకై ప్రత్యేకంగా ఘట్టాలు చేర్చినాడు. 1951లో ‘మణమగళ్’కు దర్శకత్వం వహించినాడు, అదే కథ తెలుగులో ‘పెళ్ళికూతురు’గా వెలువడినది.

చెరసాల ఆయన హాస్యంలో విషం నింపలేదు, ప్రయోజనాన్ని పెంచినది. 1949లో అణ్ణాదురై రచించిన ‘నల్లతంబి’ చిత్రంలో ఆయన మద్యపానాన్ని ఖండించినాడు. నందనార్ కథను పోలిన ‘కిందనార్’ హరికథ అందులోనిదే. నందనార్ ఆలయదర్శనానికి తపించగా, అంటరానివాడని తృణీకరింపబడిన కిందన్ విద్యకై తపిస్తాడు. పట్నంలో చదివి, పాఠశాలల ఇన్‌స్పెక్టరై స్వగ్రామానికి వస్తాడు. వేయి ఉపన్యాసాలకు లొంగని దురాచారం ఈ నవ్వుముందు తలవంచుకొనక తప్పదు.

ఆర్జించినదానిని ఆయన దాచలేదు, అడిగినవారికి లేదనలేదు. 1957 ఆగస్టు 30వ తేదీన, నలుబదియెనిమిదేండ్ల ప్రాయంలో కన్నుమూసినాడు. 1969 జనవరిలో ముఖ్యమంత్రి అణ్ణాదురై మద్రాసులో ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించినాడు; అణ్ణాదురై పాల్గొన్న చివరి బహిరంగ సభ అదే. కలైవాణర్, అనగా కళాకోవిదుడు, అన్న బిరుదుతోనే తమిళులు ఆయనను నేటికీ స్మరిస్తారు. ఎవరినీ నొప్పింపక లోకాన్ని సరిదిద్దవచ్చునని ఆయన జీవితం బోధిస్తున్నది.