సత్యాన్వేషి డుబోయిస్

ఒక జాతినిగూర్చి గాని, ఒక పేటలోని జనులనుగూర్చి గాని తీర్పు చెప్పుట మిక్కిలి సులభము. వారినిగూర్చి తెలిసికొనుట కష్టము. లోకములో పెక్కుమంది ఆ సులభమైన పనినే చేయుదురు. కష్టమైన పనికి పూనుకొని, దానికొక మార్గమును చూపిన మహనీయులలో విలియం ఎడ్వర్డ్ బర్ఘార్ట్ డుబోయిస్ ఒకడు.

ఆయన 1868వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున, గ్రేట్ బారింగ్టన్ అను చిన్న పట్టణమున ఒక నల్లజాతి కుటుంబములో జన్మించెను. ఆ దేశమున బానిసత్వము 1865లోనే రద్దయ్యెను. కాని నల్లజాతివారియెడల తెల్లవారికి గల చులకనభావము చట్టముతో తొలగిపోలేదు. డుబోయిస్ పసితనముననే తండ్రి ఇల్లు విడిచిపోయెను. తల్లి మేరీ కాయకష్టము చేసి కుమారుని పెంచెను. 1884లో అతడు ఉన్నత పాఠశాల చదువు ముగించెను. మరుసటి ఏటనే తల్లి గతించెను. బాలుని తెలివికి మెచ్చిన ఊరివారు చర్చిలో చందాలు ప్రోగుచేసి, అతనిని టెనెసీ రాష్ట్రములోని ఫిస్కు విశ్వవిద్యాలయమునకు పంపిరి.

ఫిస్కులో చదువుచున్న కాలమున డుబోయిస్ వేసవి సెలవులలో పల్లెలకు పోయి ఉపాధ్యాయవృత్తి నెరపెను. ఒక పల్లెలో అతనికి దొరికిన పాఠశాల, అంతకుముందు మొక్కజొన్నలు దాచిన దుంగల పాక. పిల్లలకు కూర్చుండ మొరటు బల్లలు. ఉపాధ్యాయునకు ఎరువు తెచ్చిన కుర్చీ. ఆ కుర్చీని ప్రతి సాయంకాలము తిరిగి యిచ్చివేయవలెను. అతడు శిష్యుల ఇండ్లలో బసచేసి, వారితోపాటు భుజించి, వారి కష్టసుఖములను కన్నులార చూచెను. అచ్చట చదువుకై పరితపించిన బాలిక యొకతె యుండెను. పదేండ్ల తరువాత అతడు ఆ పల్లెకు మరల పోయిచూడగా, ఆమె తన కుటుంబముకొరకు చాకిరిచేసి చేసి మరణించెనని తెలిసెను. జనుల జీవితములను వారి నడుమ నుండియే తెలిసికొనవలెనను పాఠమును డుబోయిస్ ఈ పల్లెలలో నేర్చెను.

రెండవ పాఠమును అతడు దూరదేశమున నేర్చెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున పట్టములు పొందిన పిమ్మట, 1892లో విద్యార్థివేతనము సంపాదించి జర్మనీకి పోయి, బెర్లిన్ విశ్వవిద్యాలయమున చేరెను. గుస్టావ్ ష్మోలర్ అను ఆచార్యుడు అచ్చట అర్థశాస్త్రము బోధించుచుండెను. ముందుగా సిద్ధాంతము చేసికొని పిదప దానికి తగిన విషయములను వెదకుట తగదనియు, విషయములను ఓపికతో సేకరించి వానినుండియే సిద్ధాంతమును రాబట్టవలెననియు ఆయన బోధ. లెక్కలు, చరిత్ర, పట్టికలు, వీనిని ఉపయోగించు విధమును డుబోయిస్ ఆయనయొద్ద అలవరచుకొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి, 1895లో హార్వర్డునుండి డాక్టరు పట్టము పొందెను. అచ్చట ఆ పట్టము పొందిన నల్లజాతివారిలో ఆయనయే ప్రథముడు.

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము ఆయనకొక పని అప్పగించెను. ఫిలడెల్ఫియా నగరములోని ఏడవ వార్డున నల్లజాతివారు పెద్దసంఖ్యలో నివసించుచుండిరి. అచ్చటి పేదరికమునకును, నేరములకును వారి స్వభావమే కారణమని నగర ప్రముఖులు పలువురు ముందే నిశ్చయించుకొని యుండిరి. ఆ నిశ్చయమునకు శాస్త్రముద్ర వేయించుకొనుటయే వారికి కావలసినది. ఏడాదికి తొమ్మిదివందల డాలర్ల జీతముపై డుబోయిస్‌ను నియమించిరి. కాని ఆయనకు గది నీయలేదు. బోధనకు విద్యార్థుల నీయలేదు. తుదకు విశ్వవిద్యాలయ సూచికలో ఆయన పేరు సైతము కానరాకుండెను.

డుబోయిస్ నూతన వధువైన భార్య నీనాతో ఆ వార్డులోనే ఒక చిన్నగదిలో కాపురముండెను. కుటుంబము, వ్యక్తి, ఇల్లు, ఇంటిపనివారు, వీధి, సంస్థ అను ఆరింటికి ఆరు ప్రశ్నావళులు సిద్ధపరచెను. ఇతరులను పంపక తానే ఇంటింటికి పోయి, తలుపు తట్టి, వయస్సు, పుట్టినచోటు, వృత్తి, ఆదాయము, అద్దె, చదువు మున్నగు వివరములను వ్రాసికొనెను. సుమారు 5,000 మందితో స్వయముగా మాటాడెను. ఆ వార్డులో 9,675 మంది నల్లజాతివారు కలరని తేల్చెను. ఏ వీధిలో ఏ స్థితివారు నివసించుచున్నారో రంగులతో పటము గీచెను. ఇట్లు ఎందరు, ఎంత, ఎచ్చట అను ప్రశ్నలకు సంఖ్యలతో సమాధానము వెదకుటను పరిమాణాత్మక పద్ధతి యందురు.

అయితే ఎందుచేత అను ప్రశ్నకు సంఖ్యలు ఒంటరిగా సమాధానము చెప్పజాలవు. ఒక ఉదాహరణము చూడుడు. ఆ నగరమున ఒక యువకుడు యంత్రశాస్త్రమున పట్టభద్రుడు. పత్రికాప్రకటన చూచి, యోగ్యతాపత్రముల బలముచే ఒక ఉద్యోగము సంపాదించెను. పనిలో చేరిన కొన్ని గంటలకే అతడు నల్లజాతివాడని తెలియుటచే తొలగించిరి. తుదకు అతడు ఒక క్లబ్బులో భోజనము వడ్డించు పనిలో చేరెను. వృత్తుల పట్టికలో ఇతడు కేవలము ఒక వడ్డనవాడు, ఒక అంకె. అతని కథను కూర్చుండి విన్నవానికి మాత్రమే ఆ అంకె వెనుకనున్న అన్యాయము తెలియును. ఇట్లు మాటలు విని, ఆచారములు పరికించి, కారణములు గ్రహించుటను గుణాత్మక పద్ధతి యందురు.

డుబోయిస్ ఈ రెండు పద్ధతులను జోడెద్దులవలె నడిపెను. పేటవారు మొదట ఆయనను సందేహించిరి; తమను వింతజంతువులవలె పరీక్షించుట వారికి రుచింపలేదు. ఆయన ఓర్పుతో వారి నమ్మకమును సంపాదించెను. తనవారని నేరముల సంఖ్యను దాచలేదు. జనులు మరచి చెప్పవచ్చును, దాచి చెప్పవచ్చును, పరిశోధకుని పక్షపాతము సైతము లెక్కను చెరుపవచ్చునని తన గ్రంథారంభముననే హెచ్చరించెను. నేర్పున్నను పని దొరకకపోవుట, అధికమైన అద్దెలు, బానిసత్వపు చరిత్ర, వర్ణద్వేషము, ఇవియే దుస్థితికి మూలములని నిరూపించెను. 'ది ఫిలడెల్ఫియా నీగ్రో' అను ఆ గ్రంథము 1899లో వెలువడెను.

అప్పటికి ఆయన అట్లాంటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. అజ్ఞానమే ద్వేషమునకు మూలము, సత్యము చూపినచో ద్వేషము నశించునని ఆయన విశ్వాసము. 1899 ఏప్రిలులో జార్జియా రాష్ట్రమున శామ్ హోస్ అను నల్లజాతి కూలివానిని విచారణ లేకయే ఒక గుంపు క్రూరముగా చంపెను. డుబోయిస్ విషయమును వివరించుచు లేఖ వ్రాసి, పత్రికాకార్యాలయమునకు బయలుదేరెను. ఆ హత్య గుర్తులను ఒక దుకాణమున ప్రదర్శించుచున్నారని దారిలో తెలిసి, నిశ్చేష్టుడై వెనుదిరిగెను. మరుసటి నెలలో ఏడాదిన్నర వయస్సుగల ఆయన పసివాడు గొంతువాపు జబ్బుతో మరణించెను. మనుష్యులను చంపుచుండగా కేవలము లెక్కలు వ్రాయుచు కూర్చుండుట తగదని ఆయనకు తోచెను.

అయినను పరిశోధనను విడువలేదు. 1900లో పారిస్ ప్రదర్శనమునకై శిష్యులతో కూడి నల్లజాతివారి జీవితమును చూపు రంగుల పటములను అరువదికి పైగా చేతితో గీయించి, ఓడలో అతిచౌక తరగతిలో ప్రయాణముచేసి తీసికొనిపోయెను. అచ్చట బంగారు పతకము లభించెను. 1906లో అలబామా రాష్ట్రములోని లౌండ్స్ జిల్లాపై ప్రభుత్వముకొరకు చేసిన గొప్ప పరిశోధన మాత్రము వెలుగు చూడలేదు. దాని వ్రాతప్రతి నాశనమయ్యెను. 1909లో నల్లజాతివారి హక్కులకై ఏర్పడిన జాతీయ సంఘమును స్థాపించినవారిలో ఆయన ఒకడు. మరుసటి ఏట 'ది క్రైసిస్' అను పత్రికను ప్రారంభించి, 1934 వరకు నడిపెను. పీడితుల సమస్య ఏ దేశమున నున్నను తనదిగా భావించెను. 1946లో డాక్టరు అంబేద్కరుకును ఆయనకును ఉత్తరప్రత్యుత్తరములు జరిగెను. 1961లో ఘానా దేశమునకు పోయి, అచ్చటనే 1963 ఆగస్టు 27న తన 95 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. ఆ మరునాడే వాషింగ్టన్ నగరమున లక్షలాది జనులు పౌరహక్కులకై మహాప్రదర్శనము జరిపిరి.

నాడు సూచికలో ఆయన పేరునకు చోటియ్యని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము, 2012లో ఆయనను గౌరవ విశ్రాంతాచార్యునిగా ప్రకటించెను. అప్పటికి ఆయన మరణించి నలువది తొమ్మిది సంవత్సరములు.

విద్యార్థులారా! ఇరుగుపొరుగువారినిగూర్చి గాని, అన్యజనులనుగూర్చి గాని ఎవరైనను తీర్పు చెప్పినప్పుడు, లెక్కించి చెప్పితిరా, వారి ఇంటికి పోయి విని చెప్పితిరా అని ప్రశ్నింపుడు. ఈ రెండు ప్రశ్నలను మొదట మనలను మనమే వేసికొనుట మరింత మేలు.