జకార్తా దాకా రహీం సాబ్

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అలాంటి టీమ్‌కి కోచ్‌గా ఉండటం సుఖమే అనుకుంటారు చాలామంది. నిజానికి కత్తి మీద సాము. గెలిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు, ఓడితే మాత్రం అందరూ కోచ్ వైపే చూస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నది పోలీసు అధికారి కాదు, ఒక స్కూల్ టీచర్. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదీలకు రహీం సాబ్.

1909లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి టీమ్‌కి ఆడారు. తర్వాత నగరంలోని బడుల్లో పాఠాలు చెబుతూనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత చూసుకున్నారు, చనిపోయేదాకా అది వదల్లేదు.

ఆయన కోచింగ్‌లోనూ టీచరే కనిపిస్తారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాళ్లు ఎడమ కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలు కూడా పెట్టారు. అంటే బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి, కాళ్ల దగ్గర తిప్పుకుంటూ షోకులు పోకూడదు. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, పోలీస్ టీమ్ వేగం వెనకున్న రహస్యం చాలావరకు ఇదే.

ఇండియా టీమ్ కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. దాంతో ఆశలు ఆకాశానికెక్కాయి. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. చలి నేల, మనవాళ్లలో ఎక్కువమందికి బూట్లు కూడా లేవు. ఇంకొకరైతే అక్కడితో ఇంట్లో కూర్చునేవారు. రహీం సాబ్ మాత్రం యూరప్ వాళ్లు ఎలా ఆడారో గమనించి, దాన్ని మన కుర్రాళ్ల శరీరాలకు తగ్గట్టు మలిచారు. బూట్లు తప్పనిసరయ్యాయి. ఫార్వర్డ్‌ల్లో ఒకరిని కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతి వచ్చింది. 1956లో మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఇండియా సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంత దూరం వెళ్లిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960లో రోమ్‌లో ఒక్క మ్యాచ్ గెలవకపోయినా, ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు.

అసలు పరీక్ష 1962, జకార్తా ఏషియన్ గేమ్స్‌లో. అప్పటికే రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో కేన్సర్ ఉంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయిలాండ్‌పై గెలిచారు గానీ, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలుగా అయితే అతన్ని పక్కన కూర్చోబెడతారు. రహీం సాబ్ సెమీఫైనల్‌కి అతన్నే ఫార్వర్డ్‌గా దింపారు! డిఫెండర్‌ని, అదీ తలకు కట్టుతో, గోల్స్ కొట్టమని పంపడం ఎంత తెగింపో ఆలోచించండి. బెడిసికొడితే ఆ తప్పు మొత్తం ఆయన నెత్తినే పడేది. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియానే. బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు ఈ పోటీలకు ఏషియన్ గేమ్స్ అనే పేరు తగదని మన దేశ ప్రతినిధి జి.డి.సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం మండిపడుతున్నారు. ఫైనల్‌కు ముందురోజు మన ఎంబసీ మీద గుంపు దాడి చేసింది. సెప్టెంబర్ 4న లక్షకు దగ్గర జనంతో నిండిన స్టేడియం మనవాళ్లను చూసి గేలి చేసింది. ఆ గోలలో మన టీమ్‌కు చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. ఈ ముచ్చట ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో!

పీకే బెనర్జీ ఒక గోల్, మూడు నాలుగు నిమిషాల్లోనే జర్నైల్ ఇంకో గోల్. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది, అంతే. 2-1తో మళ్లీ బంగారం.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ ఇంతికాల్ అయ్యారు. వయసు 53. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఫుట్‌బాల్‌లోనే ఉండి ఫిఫా రిఫరీ అయ్యారు. ఆయన తయారుచేసిన ఆటగాళ్లలో పీకే, బలరాం, చునీ గోస్వామి, జర్నైల్, యూసుఫ్ ఖాన్ అర్జున అవార్డులు అందుకున్నారు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మాత్రం 1985లో గానీ మొదలవలేదు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు జకార్తా తర్వాత ఇంకో బంగారం రాలేదు.