కొండలు నడచిన ఫూట్ దొర

మన రాయచూరు జిల్లాలో అగ్నిపర్వత మేదియు లేదు. ఇచటి కొండ పొగ గ్రక్కగా మన తాతముత్తాతలును చూచి యుండలేదు. అయినను మస్కి, హట్టి ప్రాంతములలో కనబడు నల్లని గట్లు ఒకనాడు నిప్పువలె ప్రవహించిన లావాయే. నీటి అడుగున వెలువడి, తలగడలవలె గుండ్రముగా గడ్డకట్టిన లావాను ఆ రాళ్ళలో నేటికిని గుర్తింపవచ్చును. వాని వయస్సు 250 కోట్ల సంవత్సరములకు పైమాట. కృష్ణ దాటి ఉత్తరముగా విజయపుర, కలబురగి జిల్లాలలోనికి పోయినచో మెట్లు మెట్లుగా పేర్చినట్లుండు చదునైన కొండలు కానవచ్చును. అవియు లావాయే గాని దీని ముందు పసిబిడ్డలు; సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్లవి. ఈ రెండు విధముల నేలను కాలినడకను, గుఱ్ఱముపైనను తిరిగి, ఏ రాయి ఎచట మొదలై ఎచట ముగియునో పటములకెక్కించిన వారిలో ముఖ్యుడు రాబర్టు బ్రూస్ ఫూట్.

ఫూట్ అనిన ఇంగ్లీషున పాదమని మీరు ఆఱవ తరగతిలోనే చదివియున్నారు. ఆయన ఇంటి పేరు వ్రాయుటలో ఒక అక్షరము ఎక్కువ. అయినను పేరునకు తగినంత నడచినవాడు.

ఆయన 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టెన్‌హాములో జన్మించెను. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి మద్రాసునకు వచ్చెను. ఆయన మామగారైన పీటర్ పెర్సివల్ ఒక తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును కూర్చి 1862లో ప్రకటించిన పండితుడు. తెలుగు ఈ కుటుంబమునకు క్రొత్త గాదన్నమాట.

1863 మే 30వ తేదీన మద్రాసు చేరువనున్న పల్లావరము కవాతు మైదానము ప్రక్కన, మొరము త్రవ్విన గుంటలో ఆయనకొక రాయి దొరకెను. రెండు ప్రక్కల చెక్కిన చేతిగొడ్డలి యది. మఱియొకడైనచో దానిని దూరముగా విసరి యుండును. పాతరాతియుగపు మానవుడు ఈ దేశమున నుండెనని తెలియ జేసిన మొదటి ఆధారములలో అది ముఖ్యమైనది. నాటికి ఫూటునకు ఇరువది తొమ్మిదేండ్లు నిండలేదు. అటుపిమ్మట ఆయన కొండలను పరీక్షింప పోయిన ప్రతిచోటను కన్ను రెండు పనులు చేసెను: నేల చేసిన రాయి యేది, మనుష్యుడు చేసిన రాయి యేది యని.

దక్షిణ మహారాష్ట్ర దేశమునుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1876లో వెలువడెను. బళ్ళారి జిల్లా భూగర్భమునుగూర్చినది 1895లో వచ్చెను. ఈ నడుమ ఆయన చేసిన గొప్ప నిర్ణయ మొకటి కలదు. గ్రానైటు, నైసు రాళ్ళ నడుమ పొడవుగా, సన్నగా సాగిన నల్లని, పచ్చని రాళ్ళ పట్టీలు చుట్టునున్న రాతికంటె వేఱు జాతివని ఆయన గుర్తించి, వానికి ధార్వారు శ్రేణి యని పేరిడెను. బంగారము తఱుచుగా దొరకునది ఈ పట్టీలలోనే. హట్టి గని యున్నదియు ఇట్టి పట్టీలోనే. సండూరు కొండలు మఱియొక పట్టీ. అచటి రామనదుర్గము 3000 అడుగులకు మించి ఎత్తు. క్రింద నిలిచి చూచిన ఒకే రంగు కొండ; శిఖరమునుండి శిఖరమునకు అంచు వెంబడి నడచినపుడే పొర మాఱుట తెలియును. ఫూట్ విద్య యంతయు ఈ నడకలోనున్నది.

ఇక బూడిద సంగతి. బళ్ళారి చుట్టుప్రక్కలను, మన అంతర్వేదిలోను పెద్ద పెద్ద బూడిదదిబ్బలు కలవు. కొన్ని చోట్ల ఆ బూడిద కఱగి, గాజువలె మెఱయుచు, బుడగలతో అచ్చముగా అగ్నిపర్వతపు చిట్టెమువలె నుండును. ఒక దిబ్బయున్న తావు పేరు బూదికనుమ. బూది యనిన బూడిద, కనుమ యనిన కొండల నడిమి త్రోవ. ఈ మాటలు తెలుగు పిల్లలకు చెప్పనక్కఱలేదు. జనులు ఇవి రాక్షసుల కళేబరములు కాలిన బూడిద యనిరి. హంపి దగ్గఱి నింబాపురపు దిబ్బను వాలిని దహించిన చోటనిరి. చదువుకొన్నవారిలో కొందఱు అగ్నిపర్వత మనిరి, కొందఱు ఇనుము కఱగించిన కొలిమి యనిరి.

ఫూట్ లావాను ఎఱిగినవాడు. జీవితమంతయు దానిని తొక్కి నడచినవాడు. ఆ దిబ్బలను పరీక్షించి, ఇది లావా గాదనెను. నేలలోనుండి వచ్చిన నిప్పు గాదు. మనుష్యులు పెట్టిన నిప్పు. దిబ్బల దగ్గఱ రాతిగొడ్డళ్ళు, కుండపెంకులు దొరకుచున్నవి. కనుక క్రొత్తరాతియుగమున దడి కట్టి పశువులను నిలిపిన దొడ్లలో పేరుకొనిన పేడ కాలగా ఈ బూడిద ఏర్పడెనని ఆయన అభిప్రాయపడెను. పేడకు ఇంత కథయా యని నవ్వదగినంత సామాన్యమైన సమాధానము! దీనిని అందఱును వెంటనే అంగీకరింపలేదు.

బళ్ళారి చేరువను కుప్పగల్లు కొండపై వేఱొక చిత్రము. గ్రానైటును చీల్చుకొని క్రిందినుండి ఎగసి గడ్డకట్టిన నల్లరాతి గోడ యొకటి ఆ కొండమీద సాగును. ఆ రాతినే విఱిచి, చెక్కి, నూఱి నాటివారు గొడ్డళ్ళు చేసిరి. చెక్కిన పెచ్చులు, సగము చేసి విడిచిన పనిముట్లు కుప్పలుగా నుండుటచే ఫూట్ దానిని పెద్ద గొడ్డళ్ళ కర్మాగారముగా ఎంచెను.

మస్కికి ఆయన 1870లోను, మఱల 1888లోను వచ్చెను. అశోకుని శాసనము అచట బయటపడినది 1915లో. అది ఆయన కన్నుల బడలేదు.

ఆయన చెప్పినదంతయు నిలిచినదని నేననను. పాతరాతియుగమునకును క్రొత్తరాతియుగమునకును నడుమ మనుష్యుడే లేని పెద్ద ఖాళీ యున్నదని ఆయన నమ్మెను. ఆ ఖాళీని తరువాతివారు చిన్న చిన్న రాతి పలుకుల పనిముట్లతో పూరించిరి.

1891లో సర్వేక్షణ శాఖనుండి విరమించిన పిదప బరోడా, మైసూరు సంస్థానములలో పనిచేసెను. 450కి పైగా స్థలములలో ఏరిన పనిముట్లు 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. సేలము చేరువనున్న యేర్కాడులో ఇల్లు ఏర్పరచుకొని ఆ వస్తువుల పట్టికను వ్రాయుచుండెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో మరణించెను. పట్టిక 1914లోను, దాని వివరణము 1916లోను అచ్చైనవి.

1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బను రేమండ్ ఆల్చిన్ అను పండితుడు త్రవ్వించెను. దడి పాతిన గుంజల గుంటలు కనబడినవి. బూడిద పొరలలో పశువుల గిట్టల గుర్తులు, నిన్న తొక్కినట్లు, ముద్ర పడియుండెను. పేడ యను మాట నిజమాయెను. ఎందులకు కాల్చిరన్న ప్రశ్నకు ఆల్చిన్ పండుగ మంటలను సూచించెను. కన్నడ దేశమున సంక్రాంతినాడు పశువులను మంట దాటించుట మీలో కొందఱు చూచియే యుందురు.

ఆల్చిన్ త్రవ్విన మఱియొక స్థలము మన జిల్లాలోని పిక్లిహాలు. ఆ నివేదిక 1960లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటించెను. అది ముద్గలునకు సమీపముననే యున్నది. తల్లిదండ్రులు పిల్లలను ఒక ఆదివారము తీసికొని పోవచ్చును. ప్రొద్దుటనే బయలుదేరుడు, మధ్యాహ్నమునకు బండలు కాలును. దొరకిన రాయిని చూచి, ఉన్నచోటనే ఉంచి రండు.