గుండెకు లిపి కూర్చిన ఐంతోవెన్

జావాద్వీపమందలి సెమరాంగులో 1860లో విల్లెం ఐంతోవెన్ జన్మించెను. బాల్యముననే వైద్యుడైన తండ్రిని కోల్పోయి, తల్లితో హాలెండు చేరి, కాలక్రమమున లైడెన్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడయ్యెను. సన్నని తంత్రితో గుండెలోని విద్యుత్తును పట్టు గాల్వనోమీటరును 1901లో లోకమునకు వెల్లడించెను. దాని బరువు సుమారు 270 కిలోలు. నడుపుటకు ఐదుగురు కావలసివచ్చిరి. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలెను. గీతలోని అలలకు పి, క్యు, ఆర్, ఎస్, టి అని పేర్లిడినవాడును ఆయనయే. 1924లో నోబెల్ బహుమానమునంది, 1927లో కీర్తిశేషుడయ్యెను.

నేడు ఆ అలలను కంప్యూటరు క్షణములో కొలిచి, రోగనిర్ణయమును సైతము ముద్రించుచున్నది. వైద్యునికి శ్రమ తగ్గెను. కాని యంత్రము పొరపడినచో, దానినే నమ్మిన వైద్యుడును పొరపడును. కావున అది చదివినదానిని వైద్యుడు తన కంటితో మరల చదువవలెను. ఆ గీత వెనుక నొక ప్రాణమున్నది.