మురుగుకు దారి చూపిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వినగానే తెలుగువారికి కృష్ణరాజసాగరం ఆనకట్ట, హైదరాబాద్ జంట జలాశయాలు గుర్తుకు వస్తాయి. ఏటా సెప్టెంబరు 15న దేశం ఆయన జయంతిని ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొంటోంది. అయితే ఆయన జీవితంలో అంతగా ప్రచారానికి రాని అధ్యాయాలు రెండున్నాయి. మొదటిది, నగరాల మురుగునీటి వ్యవస్థల కోసం ఆయన చేసిన కృషి. రెండవది, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారాన్ని నడిపే టాటా ఇనుము, ఉక్కు కంపెనీలో డైరెక్టరుగా 1927 నుంచి 1955 వరకు సాగిన అనుబంధం.

ఈ రెండు అధ్యాయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఊరందరి సొమ్ముతో నిర్మించిన మురుగు కాలువలోకి కర్మాగారం ఏ నీటిని, ఏ షరతులపై వదలవచ్చు? విశ్వేశ్వరయ్య జీవించి ఉన్నంతకాలం జల కాలుష్య నివారణకు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. ఆయన కన్నుమూసిన 12 ఏళ్ల తరువాత గాని అది రాలేదు.

గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం ఆయన పూర్వికుల స్వస్థలం. ఊరి పేరే ఇంటిపేరైంది. కుటుంబం తరతరాల క్రితమే మైసూరు సంస్థానానికి తరలివెళ్లింది. చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దేనహళ్లిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి సంస్కృత పండితుడు. చిన్న వయసులోనే ఆయనను కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ చదువు సాగించారు. 1881లో సెంట్రల్ కళాశాల నుంచి పట్టభద్రులయ్యారు. ఆపై పుణె సైన్స్ కళాశాలలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులై, మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా చేరారు.

సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి తాగునీరు అందించే బాధ్యత ఆయనకు పేరు తెచ్చిన తొలి పనుల్లో ఒకటి. నది నీరు బురదతో నిండి ఉండేది. శుద్ధి చేసే కట్టడాలకు పురపాలక సంఘం వద్ద సొమ్ము లేదు. నది గర్భంలోని ఇసుకనే వడపోత సాధనంగా వాడుకోవచ్చునని ఆయన గ్రహించారు. నదిలో బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన తేట నీటిని పట్టణానికి మళ్లించారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి ప్రయోజనం కలిగించే ఈ ధోరణి చివరి వరకు ఆయన పనిలో కనిపిస్తుంది.

పుణె ప్రాంతంలోని నీరా కాలువ కింద ఆయన ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అంతకుముందు కాలువ తలాపున ఉన్న రైతులు నీటిని విరివిగా వాడుకొనేవారు, చివరి భూములకు చుక్క దక్కేది కాదు. విశ్వేశ్వరయ్య భూములను బ్లాకులుగా విభజించారు. ఏ బ్లాకులో ఎంత మేర చెరకు, ఎంత మేర వరి, ఎంత మేర మెట్టపైరు వేయాలో, ఎప్పుడు మార్చాలో నిర్ణయించి, ఆ మేరకే నీరు ఇచ్చారు. మొదట వ్యతిరేకత వచ్చింది. క్రమంగా ఎక్కువ గ్రామాలకు నీరందడంతో అది సద్దుమణిగింది. పదిమంది ఉమ్మడిగా వాడుకొనే కాలువకు కట్టుబాటు లేకపోతే బలవంతుడిదే రాజ్యమవుతుందని ఆయన ఆనాడే గుర్తించారు. మంచినీటి కాలువకు వర్తించిన ఈ సూత్రమే మురుగు కాలువకూ వర్తిస్తుంది. అయితే దేశం ఆ సంగతి గ్రహించడానికి మరో ముప్పావు శతాబ్దం పట్టింది.

బొంబాయి ప్రభుత్వంలో పారిశుద్ధ్య ఇంజినీరుగా పనిచేసిన కాలంలో అనేక పట్టణాల నీటి సరఫరా, మురుగు పథకాలు ఆయన చేతుల మీదుగా సాగాయి. 1906లో ఏడెన్‌కు వెళ్లి అక్కడి సైనిక స్థావరానికి తాగునీరు, మురుగు పారుదల పథకాలు సిద్ధం చేశారు. అనంతరం స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేసి విదేశీ పర్యటనకు బయలుదేరారు. ఆయన ఐరోపాలో ఉండగానే హైదరాబాద్‌పై పెనువిపత్తు విరుచుకుపడింది.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో హైదరాబాద్ చేరుకున్న విశ్వేశ్వరయ్య వరదల నివారణకు నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సూచనల ఫలితమే. ఆయన నివేదికలో మరో భాగం కూడా ఉంది. అది నగరానికి ఆధునిక మురుగు పారుదల వ్యవస్థ. 1920లలో నిజాం ప్రభుత్వం ఈ పనులపై మళ్లీ ఆయన సలహా తీసుకుంది. 1931 నాటికి రూపుదిద్దుకున్న భూగర్భ మురుగు వ్యవస్థ 5 లక్షల లోపు జనాభాను దృష్టిలో పెట్టుకొని కట్టినది.

భూగర్భ మురుగు వ్యవస్థ పైకి కనిపించనంత సులువైన నిర్మాణం కాదు. ఇళ్ల నుంచి వచ్చే నీరు సన్నని గొట్టాల ద్వారా పెద్ద గొట్టాల్లోకి, అక్కడి నుంచి ప్రధాన కాలువలోకి చేరాలి. వాలు తక్కువైతే మడ్డి పేరుకుపోతుంది, మరీ ఎక్కువైతే గొట్టం అరిగిపోతుంది. నీరు తన వేగంతోనే మడ్డిని మోసుకుపోయేలా వాలును లెక్కగట్టాలి. చివరకు చేరిన మురుగును నదిలో కలిపే ముందు శుద్ధి చేయాలి. ఆ శుద్ధిలో ప్రధాన పాత్ర సూక్ష్మజీవులది. అవి మురుగులోని సేంద్రియ పదార్థాన్ని ఆహారంగా తీసుకొని నీటిని తేటపరుస్తాయి. ఈ లెక్కలన్నీ ఇంటి మురుగును దృష్టిలో ఉంచుకొని వేసినవి. కర్మాగారం నుంచి ఆమ్లం వస్తే గొట్టం గోడలు తింటుంది. నూనె, జిడ్డు వస్తే దారి పూడుకుపోతుంది. సైనైడ్, క్రోమియం వంటివి వస్తే శుద్ధి చేయవలసిన సూక్ష్మజీవులే చనిపోతాయి. అప్పుడు నష్టం ఒక్క కర్మాగారానికి పరిమితం కాదు, ఊరందరి మురుగూ శుద్ధి కాకుండానే నదిలో పడుతుంది.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థాన ప్రధాన ఇంజినీరు అయ్యారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. పరిశ్రమలు లేనిదే దేశానికి పేదరికం నుంచి విముక్తి లేదని ఆయన గట్టిగా నమ్మారు. భద్రా నది ఒడ్డున భద్రావతిలో 1923లో ఉత్పత్తి ప్రారంభించిన మైసూరు ఇనుప కర్మాగారం నష్టాల్లో కూరుకుపోగా, పాలక మండలి అధ్యక్షుడిగా దాన్ని గాడిలో పెట్టారు. అందుకు రావలసిన పారితోషికాన్ని యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థ స్థాపనకు వినియోగింపజేశారు. ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థపై 1934లో గ్రంథం వెలువరించారు.

ఇనుము, ఉక్కు పరిశ్రమలో గడించిన ఈ అనుభవంతో 1927లో ఆయన టాటా కంపెనీ డైరెక్టర్ల బోర్డులో చేరారు. అప్పటికి జంషెడ్‌పూర్ వయసు రెండు దశాబ్దాలు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమ ప్రాంతంలో సాక్చి అనే పల్లె వద్ద 1908లో నిర్మాణ పనులు మొదలయ్యాయి. 1911 డిసెంబరులో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడ్డాయి. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ పట్టణానికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇక్కడికి పనుల కోసం వలస వచ్చాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం నేటికీ ఆ వలసకు గుర్తుగా నిలిచి ఉంది.

జంషెడ్‌పూర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ కర్మాగారాన్ని నడిపిన సంస్థే పట్టణానికి రోడ్లు వేసింది, తాగునీరు ఇచ్చింది, మురుగు పారుదల ఏర్పాట్లు చూసింది. గొట్టానికి ఆ చివరనా ఈ చివరనా ఉన్నది ఒకే యాజమాన్యం. ఉక్కు తయారీకి అవసరమైన కోక్‌ను బొగ్గు నుంచి తయారుచేసేటప్పుడు వెలువడే నీటిలో ఫినాల్, అమ్మోనియా, సైనైడ్ ఉంటాయి. బయటి నుంచి వచ్చి నమూనా తీసి, హద్దు దాటితే నిలదీసే అధికార వ్యవస్థ ఆనాడు లేదు. విశ్వేశ్వరయ్య బోర్డులో ఉన్న కాలంలోనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. వ్యర్థాలను, వ్యర్థజలాలను హానిరహితం చేసి పారవేసే ఏర్పాట్లు చేయాలని ఆ చట్టంలోని 12వ సెక్షన్ కర్మాగారాలను ఆదేశించింది. అయితే అది ప్రధానంగా కార్మికుల భద్రతను ఉద్దేశించిన చట్టం.

బ్రిటన్‌లో ఈ విషయమై ఆలోచన ముందే మొదలైంది. మురుగునీటిపై నియమించిన రాయల్ కమిషన్ 1912లో, నదిలోకి వదిలే శుద్ధ జలానికి ప్రమాణాలు సూచించింది. స్థానిక సంస్థ సమ్మతితో, దాని షరతులకు లోబడి పరిశ్రమలు తమ వ్యర్థజలాన్ని ప్రజా మురుగు కాలువల్లోకి వదిలేందుకు 1937లో అక్కడ చట్టం వీలు కల్పించింది. భారతదేశంలో జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో వచ్చింది. మొదట అమలైన రాష్ట్రాల్లో జంషెడ్‌పూర్ అప్పట్లో అంతర్భాగంగా ఉన్న బీహార్, విశ్వేశ్వరయ్య జన్మించిన కర్ణాటక ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఆ తరువాత స్వీకరించింది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద రూపొందిన నియమావళిలో 1993లో చేర్చిన 6వ షెడ్యూలు, వ్యర్థజలం ఎక్కడికి చేరుతుందన్న దాన్ని బట్టి వేర్వేరు హద్దులు విధించింది.

ఈ హద్దుల్లో గమనించదగిన తేడా ఉంది. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడానికి సూక్ష్మజీవులకు కావలసిన ప్రాణవాయువు కొలతను బీఓడీ అంటారు. సాధారణ ప్రమాణాల ప్రకారం నది, చెరువు వంటి జలవనరుల్లోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. ప్రజా మురుగు కాలువలోకి 350 వరకు అనుమతి ఉంది. తేలియాడే ఘనపదార్థాలకు జలవనరుల్లో 100, మురుగు కాలువలో 600 మిల్లీగ్రాముల పరిమితి. సైనైడ్‌కు 0.2, 2 మిల్లీగ్రాములు. ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ విలువ మాత్రం రెండు చోట్లా 5.5 నుంచి 9 మధ్యనే ఉండాలి. మురుగు కాలువకు ఇచ్చిన సడలింపు వెనుక ఒక నమ్మకం ఉంది. ఆ కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటుందన్నదే ఆ నమ్మకం. అందుకే జీవ ప్రక్రియతో కూడిన శుద్ధి కేంద్రానికి చేరని కాలువకు సడలింపు వర్తించదని, దానిలో వదిలితే జలవనరులో వదిలినట్లే పరిగణించాలని నియమం స్పష్టం చేస్తోంది.

ఈ షరతు ఎంత కీలకమో హైదరాబాద్ అనుభవం చెబుతుంది. పటాన్‌చెరు పారిశ్రామిక వాడల వ్యర్థజలాలు నక్కవాగును, దాని పరిసర గ్రామాల చెరువులను, బావులను, పొలాలను పాడుచేశాయి. గ్రామస్థుల గోడు సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వెలిశాయి. అక్కడ శుద్ధి చేసిన నీటిని నగర మురుగు వ్యవస్థ ద్వారా అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చేందుకు సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యం గల ఆ కేంద్రం మూసీ ఒడ్డునే ఉంది. వరద నుంచి నగరాన్ని కాపాడేందుకు విశ్వేశ్వరయ్య ఏ నదిని అధ్యయనం చేశారో, ఆ నదిని నగరం నుంచి కాపాడవలసిన రోజులు వచ్చాయి.

జంషెడ్‌పూర్‌లో నేడు పట్టణ మురుగును శుద్ధి చేసి తిరిగి ఉక్కు తయారీకి వాడుకొనే ఏర్పాట్లున్నాయి. ఖర్కాయ్ ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాలు, లోహపు పనులు చేసే చిన్న, మధ్య తరహా యూనిట్లు వందల సంఖ్యలో వెలిశాయి. పెద్ద కర్మాగారం సొంత శుద్ధి కేంద్రం కట్టుకోగలదు. చిన్న యూనిట్‌కు ఆ శక్తి ఉండదు, కానీ అది వదిలే లోహపు నీరూ అదే నదికి చేరుతుంది. నియమం కాగితంపై ఉండి, నమూనా తీసేవారు లేకపోతే దాని మూల్యం దిగువ గ్రామాలు చెల్లిస్తాయి. మురుగు గోతుల్లో విషవాయువుల బారిన పడే పారిశుద్ధ్య కార్మికులు ప్రాణాలతో చెల్లిస్తారు.

విశ్వేశ్వరయ్యను 1955లో భారతరత్న వరించింది. అదే ఏడాది టాటా బోర్డు నుంచి వైదొలిగారు. నిండు నూరేళ్లు జీవించి 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో తుదిశ్వాస విడిచారు. సమయపాలన, ప్రభుత్వ సొమ్ము విషయంలో నిక్కచ్చితనం, కొలవనిదే ఏ నిర్ణయానికీ రాని అలవాటు ఆయనను చిరస్మరణీయుడిని చేశాయి. పరిశ్రమ కావాలని ఆయన కోరుకున్నారు, ప్రజారోగ్యాన్ని కాపాడే మురుగు కాలువలకూ రూపమిచ్చారు. ఈ రెంటికీ మధ్య గీత గీయవలసిన పని తరువాతి తరానికి మిగిలింది. గీత ఇప్పుడు చట్టంలో ఉంది. నీరా కాలువ మీద ఆయన చేసి చూపినట్లు, దాన్ని రోజూ కొలిచి అమలు చేసినప్పుడే సువర్ణరేఖకైనా, మూసీకైనా మేలు జరుగుతుంది.