పేదల చేత ప్రమాణం చేయించిన బిషప్ అజరయ్య

గాజువాక: ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగిన తరువాత గాజువాక పరిసరాలకు రాష్ట్రం నలుమూలల నుంచి ఉద్యోగులు, కూలీలు తరలివచ్చారు. వారి వెంట వారి పండుగలు, సంఘాల కట్టుబాట్లు కూడా వచ్చాయి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుని పేర విడిగా తీసిపెట్టడం తెలుగు క్రైస్తవ కుటుంబాలలోని పెద్దవయసు స్త్రీలకు తెలిసిన అలవాటే. అటువంటి కట్టుబాట్లను కృష్ణా, గోదావరి, తెలంగాణ పల్లెల సంఘాలలో ఒక క్రమంగా నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. సికింద్రాబాద్ వెళ్లే రైలులో నిద్రమత్తులో దాటిపోయే దోర్నకల్ జంక్షన్‌కు ప్రపంచ క్రైస్తవ చరిత్రలో స్థానం కల్పించినది ఆయనే.

అజరయ్య తెలుగువాడు కాడు. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే గ్రామంలో 1874 ఆగస్టు 17న జన్మించారు. తండ్రి ఆ గ్రామ సంఘకాపరి. బాల్యంలోనే తండ్రి మరణించగా తల్లి పెంపకంలో పెరిగారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినా పట్టా పొందలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతటా పర్యటించారు. 1898లో కళాశాల విద్య అభ్యసించిన అంబు మరియమ్మాళ్‌ను కట్నం లేకుండా వివాహమాడారు. కట్నం కోసం క్రైస్తవులు సైతం బేరాలాడుకునే రోజులవి. ఇప్పుడు మాత్రం ఆడుకోవడం లేదా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

విదేశీయుల ధనంతో నడిచే సంఘం ఎన్నటికీ తన కాళ్ల మీద నిలవదన్నది ఆయన దృఢ విశ్వాసం. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంత ధనంతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. 1905లో శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడూ ముందున్నారు. తిరునల్వేలి సొసైటీ తన సేవాక్షేత్రంగా నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను ఎంచుకున్నది. పరుల చేత చేయించడం కంటే తానే వెళ్లడం మేలని తలచి, 1909లో గురుపట్టం పొందిన అజరయ్య అక్కడికి చేరారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం పెద్ద దుమారం రేపింది. విదేశీ మిషనరీలు భారతీయుల కోసం ఎన్నో త్యాగాలు చేశారని అంగీకరిస్తూనే, వారు యజమానులుగానే మిగిలిపోతున్నారనీ, తమకు కావలసింది స్నేహితులనీ తేల్చిచెప్పారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే.

ఆయన మందలో అధికులు మాల, మాదిగ వాడలకు చెందిన నిరుపేద వ్యవసాయ కూలీలు. అక్షరం రాదు, సెంటు భూమి లేదు. ఇటువంటివారిని కానుకలు అడగడం భావ్యమా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. అజరయ్య దానిని తిరగవేసి చూశారు. ఇచ్చే చేయి లేనివాడిగా పేదను చూడడమే అవమానమని ఆయన అభిప్రాయం. పిడికెడు బియ్యం, కోతల పండుగకు గంపెడు ధాన్యం, ఒక కోడి, నాలుగు గుడ్లు ఏదైనా సరే, సంఘ పోషణలో వారి వాటా ఉండాలన్నారు. క్రైస్తవ దాతృత్వంపై ఆయన రాసిన పుస్తకం ఇతర దేశాలలోనూ చదివారు. బయటివాడి దయ మీద ఆధారపడినవాడు బయటివాడి మాట వినక తప్పదన్న లెక్క దీని వెనుక ఉన్నది. అది మతానికి మాత్రమే పరిమితమైన లెక్క కాదు.

కానుకతోపాటు ప్రమాణం కూడా ఉండేది. బాప్తిస్మం పొందినవారు తమ తలపై తామే చేయి ఉంచుకొని, సువార్తను ప్రకటించకపోతే తమకు శ్రమ అని అందరి ఎదుటా పలకాలి. చదువురానివారికి ప్రార్థనలు, ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటిపాఠంగా నేర్పేవారు. ఏటా సాక్ష్య వారం పేరిట కూలీలే పొరుగు పల్లెలకు వెళ్లి తమ అనుభవం చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను పల్లె నుంచి తరిమివేయాలని బిషప్ ఊరూరా బోధించారు. ఎడ్లబండి మీద ఆయన చేసిన ఈ పర్యటనలు ఏళ్ల తరబడి సాగాయి. అంబు మరియమ్మాళ్ స్త్రీల మధ్య పనిచేశారు. ఆ పల్లెల మార్పును చూసి 1930 దశకంలో ఇతర కులాలవారు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు. ఆ ప్రాంతంలో 1912లో సుమారు 56 వేలుగా ఉన్న ఆంగ్లికన్ క్రైస్తవుల సంఖ్య 1941 నాటికి రెండు లక్షల పాతికవేలకు చేరింది.

అన్నింటికంటే కఠినమైన కట్టుబాటు కులానికి సంబంధించినది. అందరూ ఒకే బల్ల వద్ద, ఒకే పాత్ర నుంచి ప్రభువు భోజనం స్వీకరించాలి. మాల మాదిగల నడుమనే మంచినీళ్లు పుచ్చుకోని ఊళ్లలో ఇది మాటలతో అయ్యే పని కాదు. బిషప్ పట్టుదల చాలాచోట్ల ఫలించింది, కొన్నిచోట్ల ఓడిపోయింది. శ్మశానాల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో ఆ గీత నేటికీ కనిపించే సంఘాలున్నాయన్నది దాచవలసిన సంగతి కాదు.

సామూహిక మతాంతరాలను గాంధీజీ ఒప్పుకోలేదు. అణగారినవారికి తమ విశ్వాసాన్ని ఎంచుకునే హక్కు ఉన్నదని అజరయ్య వాదించారు. ఈ విభేదం చివరివరకు తీరలేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా చెప్పినవారిలో అజరయ్య ఒకరు. విడిగా ఓటు వేసే సంఘం ఇరుగుపొరుగుకు దూరమవుతుందని ఆయన భయం.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, దేవాలయ మండపాన్ని తలపించే స్తంభాలు అందులో కలిసి కనిపిస్తాయి. సంఘాల ఏకీకరణకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుంచి ఆయన శ్రమించారు. ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. ఆయన పాలించిన డయోసిస్‌లోని కోస్తా భాగం కృష్ణా గోదావరి డయోసిస్‌గా వేరుపడింది. విశాఖపట్నంలోని సీఎస్ఐ సంఘాలు దాని పరిధిలోనివే.